పదిహేనేళ్ల పాఠకురాలు – మన విమర్శ

సాహిత్యంలో 'ఆనందం' అనే మాట వినగానే మన విమర్శకులకు కొంత అనుమానం కలుగుతుంది. ఎందుకు కలుగుతుందో వివరించనక్కరలేదు. రసానందం పేరుతో రాజుల కొలువుల్లో జరిగిన వ్యవహారం మనకు తెలుసు. వారపత్రికల సీరియళ్లు పాఠకులకు అమ్మిన ఆనందమూ తెలుసు. అందుచేత ఒక నవల చదివి పాఠకుడు ఆనందించాడంటే ఎక్కడో మోసం జరిగి ఉంటుందనే నిర్ణయానికి తొందరగా వస్తాం. అందులోనూ అది స్నేహం గురించి, తొలిప్రేమ గురించి, పదిహేను పదహారేళ్ల పిల్లల ఎదుగుదల గురించి రాసిన నవల అయితే దానికి విమర్శ అవసరమనే అనుకోం. 'కుర్రకారు కాలక్షేపం' అని పక్కన పెడతాం. ఈ వైఖరి సరైనది కాదనీ, దీనివల్ల నష్టపోయింది అభ్యుదయ సాహిత్యమేననీ నా అభిప్రాయం.

ఈ ఆలోచనకు తరగతి గదిలో జరిగిన ఒక చిన్న సంఘటన కారణం. పదో తరగతి అమ్మాయి ఒకతె తెలుగు వాచకం మధ్యలో మరో పుస్తకం పెట్టుకుని చదువుతున్నది. ఉపాధ్యాయులందరూ చేసే పనే నేనూ చేశాను; లాక్కున్నాను. ఇంటికి తీసుకువెళ్లి, ఏముందో చూద్దామని తెరిచి, పూర్తయ్యేదాకా మూయలేకపోయాను. అది ఎస్.ఇ. హింటన్ రాసిన 'ది అవుట్‌సైడర్స్'. ఆదివారం నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ పిల్ల అన్న కొన్న పాత ప్రతి. మర్నాడు తిరిగి ఇస్తుంటే ఆమె అడిగింది: "టీచర్, ఇట్లాంటివి తెలుగులో ఉన్నయా?" రెండు మూడు పేర్లు చెప్పాను. అవి ఆమె అడిగినవి కావని చెబుతున్నప్పుడే నాకు తెలుసు.

ఆ నవల 1967లో అమెరికాలో వెలువడింది. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరానికి చెందిన హింటన్ దాన్ని పదిహేనేళ్ల వయసులో మొదలుపెట్టింది. అచ్చయ్యేనాటికి కూడా ఆమెకు ఇరవై నిండలేదు. తన ఈడు పిల్లల నిజమైన బతుకు గురించి చదవడానికి ఏమీ దొరకకపోవడమే తన చేత రాయించిందని ఆమె చెప్పింది. మగపిల్లల ముఠాల కథను ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు చిన్నచూపు చూస్తారని ప్రచురణకర్తలు ఆమె పేరును పొడి అక్షరాలుగా కుదించారు. రచయిత్రి పేరు దాచుకుంటేనే పుస్తకానికి గౌరవం దక్కే స్థితి మన దేశంలోనే కాదు, అక్కడా ఉన్నదన్నమాట.

ఇతివృత్తం క్లిష్టమైనది కాదు. ఊరికి తూర్పున పేదల పిల్లలు, పడమటన ధనికుల పిల్లలు. కథ చెప్పే పోనీబాయ్‌కి పద్నాలుగేళ్లు. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోయారు. పెద్దన్న డారీ కాలేజీ చదువు ఆశ వదులుకుని ఇళ్ల పైకప్పులు వేసే పనికి వెళుతున్నాడు. రెండో అన్న సోడాపాప్ బడి మానేసి పెట్రోలు బంకులో పనిచేస్తున్నాడు. ఒకనాటి రాత్రి ధనికుల పిల్లలు పోనీబాయ్‌ని నీళ్లలో ముంచి చంపబోతుంటే, స్నేహితుడు జానీ వాళ్లలో ఒకణ్ని పొడిచి చంపుతాడు. ఇద్దరూ పారిపోయి ఒక పాడుబడిన చర్చిలో తలదాచుకుంటారు. ఆ చర్చికి నిప్పంటుకున్నప్పుడు లోపల చిక్కుకున్న పసిపిల్లల్ని కాపాడబోయి జానీ వెన్నెముక విరిగి, చివరకు చనిపోతాడు.

ఇందులో ఆనందించవలసినది ఏమున్నది? నేను గమనించినది ఒకటి చెబుతాను. సినిమా దగ్గర పోనీబాయ్‌కి ధనికుల అమ్మాయి చెర్రీతో పరిచయమవుతుంది. ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకుంటారు. తూర్పు వాకిట్లో నుంచి చూసినా పడమటి ఇంటి నుంచి చూసినా అస్తమించే సూర్యుడు ఒక్కడేనని అతనికి తోస్తుంది. మన సాధారణ నవలాకారుడైతే ఇక్కడ ప్రేమ మొదలుపెట్టి, వర్గభేదాన్ని పెళ్లిపందిట్లో రద్దు చేసేవాడు. హింటన్ అట్లా చేయలేదు. రేపు బడిలో నేను నిన్ను పలకరించకపోతే వేరే అనుకోవద్దని ఆ అమ్మాయి ముందే చెబుతుంది. అతనూ అర్థం చేసుకుంటాడు. వర్గం అంటే ఏమిటో చెప్పడానికి మనం పేజీలు ఖర్చు చేస్తాం. పద్నాలుగేళ్ల పిల్లవాడికి అది ఆ ఒక్క మాటలో, ముఖం మీద దెబ్బలాగా తెలిసింది. 'ఇది నాకూ జరిగింది' అని చదివే పిల్లకు అనిపిస్తుంది. ఈ గుర్తింపే ఆ ఆనందంలో మొదటి భాగం. దీన్ని పలాయనం అనడం అన్యాయం.

ఇంకొక విషయం గమనార్హమైనది. చర్చిలో దాక్కున్న రోజుల్లో ఆ పిల్లలు పొద్దుపోవడానికి చదువుకున్న పుస్తకం 'గాన్ విత్ ద విండ్'. 1936లో మార్గరెట్ మిచెల్ రాసిన ఆ నవల బానిసలను పెట్టుకుని బతికిన భూస్వాముల వైభవాన్ని తలచుకుని కన్నీరు కార్చిన నవల. దాన్ని ఎవరు చదువుతున్నారు? తినడానికి సరిగా లేని, పోలీసులకు భయపడి దాక్కున్న ఇద్దరు పేద పిల్లలు. చావుకు ఎదురువెళ్లే ఆ దక్షిణాది దొరల మర్యాద జానీకి ఎంతో నచ్చుతుంది. అయితే ఆ దొరల్లో అతనికి కనిపించింది భూస్వామి కాదు. జైలుకు వెళ్లివచ్చిన తన స్నేహితుడు డాలీ. పుస్తకం ఒకటి ఇచ్చింది, పిల్లవాడు మరొకటి తీసుకున్నాడు.

ఈ తేడాను మన విమర్శ తగినంతగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు. నా సొంత అనుభవమే చెబుతాను. పదో తరగతిలో ఉండగా అద్దె పుస్తకాల షాపు నుంచి యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' తెచ్చుకుని, నాన్నకు కనబడకుండా బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివాను. తర్వాత ఎం.ఏ.లో చేరి విమర్శ గ్రంథాలు చదివాక ఆ నవల ఇష్టపడినందుకు సిగ్గుపడ్డాను. సంపన్నుడైన కథానాయకుడు, అతని కారు, అతనితో పెళ్లిలో అన్ని సమస్యలూ తీరిపోవడం – ఇవన్నీ మధ్యతరగతి ఆడపిల్లకు చూపిన అరచేతిలో వైకుంఠమని విమర్శకులు రాశారు. ఆ విమర్శ సరైనదే. ఇప్పటికీ అందులో ఒక్క మాట తీసివేయనక్కరలేదు.

కాని ఆ విమర్శలో చేర్చవలసిన మాట ఒకటి మిగిలిపోయింది. పదిహేనేళ్ల వయసులో నాకు రాజశేఖరం కారు కన్నా బాగా గుర్తుండిపోయింది జయంతి ఉద్యోగానికి వెళ్లడం. తన సంపాదన మీద నిలబడి, తనకన్నా పై అంతస్తులో ఉన్నవాడికి తలవంచకుండా జవాబు చెప్పే ఆడపిల్లను నేను మా వీధిలో చూడలేదు. ఆ పుస్తకంలో చూశాను. చివరకు ఆ పిల్లను రచయిత్రి పెళ్లి దగ్గరికే చేర్చింది, నిజమే. అయితే పాఠకురాలు చివరి పేజీ దాకా రచయిత్రి వెంట నడవాలన్న నియమమేమీ లేదు. నేను మధ్యలోనే దిగి ఉద్యోగం వైపు నడిచాను. ఇట్లా దిగిపోయినవాళ్లు ఎందరో ఉంటారు. 'మోసపోయిన పాఠకులు' అని ఒక్క మాటతో మనం వాళ్లందరినీ అవమానించాం. అవమానించినవాళ్ల పుస్తకాలను వాళ్లు చదువుతారని ఎట్లా ఆశిస్తాం?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పాఠకుడు తనకు కావలసింది తీసుకుంటాడన్నప్పుడు ఏ పుస్తకమైనా ఒకటేనా, మంచి చెడ్డల విచక్షణ అక్కర్లేదా అని. తప్పకుండా అక్కరే. 'ది అవుట్‌సైడర్స్' విషయంలోనే చూడండి. 1921లో టల్సాలోని గ్రీన్‌వుడ్ ప్రాంతంలో నల్లవారి ఇళ్లనూ దుకాణాలనూ తెల్లవారి మూకలు తగలబెట్టి, ఎందరినో చంపాయి. ఆ ఘోరం గురించి అక్కడి పాఠ్యపుస్తకాలు దశాబ్దాలపాటు మౌనం వహించాయి. ఆ ఊరి పేదల కథగా వచ్చిన ఈ నవల ప్రధాన పాత్రల్లో నల్లవారు ఒక్కరూ లేరు. పేదరికం ఉన్నది, కాని అది సగం ఊరి పేదరికం. పైగా కష్టాలు ఇరువైపులా ఉన్నాయన్న ఓదార్పు దగ్గర కథ ఆగిపోతుంది. ఈ లోపాలను చెప్పవలసిందే. అయితే ఆ పిల్ల ఆనందాన్ని గౌరవించిన తర్వాత చెబితే వింటుంది. పుస్తకం లాక్కుని చెబితే వినదు.

మరి మేలైనదానికి కొలత ఏది? నాకు తోచిన కొలత మనకందరికీ తెలిసిన పుస్తకంలోనే ఉన్నది. చింగీజ్ ఐత్మాతోవ్ 1958లో రాసిన 'జమీల్యా' తెలుగులోకి కూడా వచ్చింది. మన సంఘాల్లో దాన్ని సోవియట్ సాహిత్యంగా చదివాం, చర్చించాం. అది పదిహేనేళ్ల కుర్రవాడు ఎదిగే కథ అని మాత్రం పెద్దగా చెప్పుకోలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలపు కిర్గిజ్ గ్రామం. మగవాళ్లంతా యుద్ధానికి వెళ్లారు. సైన్యానికి ధాన్యం చేరవేసే పని ఆడవాళ్ల మీద, పిల్లల మీద పడింది. కథ చెప్పే సెయిత్, అతని వదిన జమీల్యా, యుద్ధంలో గాయపడి కుంటుతూ తిరిగివచ్చిన దనియార్ – ముగ్గురూ బండ్ల మీద ధాన్యం స్టేషనుకు తోలుతుంటారు. జమీల్యా భర్త సాదిక్ యుద్ధరంగం నుంచి రాసే ఉత్తరాల్లో పెద్దలందరికీ పేరుపేరునా దండాలు ఉంటాయి; భార్య ప్రస్తావన చిట్టచివర ఒక ముక్క. అది ఆచారం. ఆ ఆచారంలో ఆడదాని స్థానం ఏదో పాఠకుడికి వేరే చెప్పనక్కరలేకపోయింది.

ఒకరోజు వేళాకోళానికి వదినా మరదీ కలిసి ఒక్కడు మోయలేని పెద్ద బస్తాను దనియార్ బండిలో వేస్తారు. అతను ఎవరినీ సాయం అడగడు. గాయపడిన కాలు ఈడ్చుకుంటూ, ఆ బస్తాను వీపున వేసుకుని ధాన్యం కొట్టులో వాలుబల్ల మీదుగా పైకి ఎక్కుతాడు. కింద నిలబడి చూస్తున్న ఇద్దరూ సిగ్గుతో కుంచించుకుపోతారు. నా దృష్టిలో సెయిత్ ఎదుగుదల ప్రారంభమైంది ఈ సిగ్గులోనే. ఆ తర్వాతే స్టెప్పీ మైదానంలో రాత్రివేళ దనియార్ పాట వినబడుతుంది, ఆ తర్వాతే ప్రేమ. చివరకు జమీల్యా కట్టుబాటు తెంచుకుని అతనితో వెళ్లిపోతుంది. ఆమె వెళ్లిపోతున్నప్పుడే తానూ ఆమెను ప్రేమించానని సెయిత్‌కు తెలుస్తుంది. అయినా ఆమెను నిందించడు. ఇద్దరినీ బొమ్మగా గీస్తాడు. ఇంటివాళ్లు ద్రోహి అన్నా తలవంచక, చిత్రకళ నేర్చుకోవడానికి ఇల్లు విడిచి వెళతాడు.

స్నేహం ఉన్నది, ప్రేమ ఉన్నది, ఎదగడం ఉన్నది. ఈ మూడూ శ్రమ నడుమ ఉన్నాయి. బస్తా బరువు లేకపోతే పాట లేదు. ఈ నవలిక రాసిన ఐత్మాతోవ్ తండ్రిని 1938లో స్టాలిన్ ప్రభుత్వమే కాల్చి చంపింది. ఆ కొడుకు పద్నాలుగేళ్ల వయసులో యుద్ధకాలపు గ్రామ సోవియట్‌లో కార్యదర్శిగా పనిచేశాడు. అతని పుస్తకాన్ని వ్యవస్థకు కితాబుగా మాత్రమే చదివితే సగమే చదివినట్లు.

కాబట్టి ఎదిగే వయసు నవలను మనం అడగవలసిన ప్రశ్న 'ఇందులో ప్రేమ ఎందుకు' అనేది కాదు. ప్రేమించేవాళ్ల కళ్లు దేనివైపు తెరుచుకున్నాయి? ఎదుటి మనిషి మోస్తున్న బరువు కనబడిందా, లేక కారు మాత్రమే కనబడిందా? ఈ కొలతతో చూస్తే 'సెక్రటరీ' ఎక్కడ ఆగిందో, 'ది అవుట్‌సైడర్స్' ఎక్కడిదాకా వెళ్లిందో, 'జమీల్యా' ఎందుకు నిలబడిందో తేటపడుతుంది.

ఇక మన సంగతి. 1947లో పుట్టిన 'చందమామ' తరాల తరబడి మన పిల్లలను పెంచింది. పన్నెండేళ్లు దాటి చందమామ వదిలిన పిల్ల తర్వాత ఏం చదవాలి? పెద్దల నవలలే. నామిని, ఖదీర్‌బాబు తమ బాల్యాన్ని అద్భుతమైన యాసలో కథలుగా మనకిచ్చారు. అయితే అవి పెద్దయినవాళ్లు వెనక్కి తిరిగి చూసుకున్న జ్ఞాపకాలు. అందులోనూ మగపిల్లల జ్ఞాపకాలు. ఈరోజు పదిహేనేళ్లున్న ఆడపిల్ల, ఈరోజు తన కళ్లతో చూస్తున్నదాన్ని చెప్పే నవల మాత్రం నా చేతికి రాలేదు. పది పరీక్షలు కాగానే ఒక స్నేహితురాలు కార్పొరేట్ కాలేజీ హాస్టలుకు, ఇంకొకతె పత్తి చేనుకు, మరొకతె పెళ్లిపీటల మీదికి వెళ్లిపోతారు. మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు పిల్లలు. వాళ్ల స్నేహాన్ని విడగొట్టింది ఏది? దీనికన్నా పెద్ద వర్గ ఇతివృత్తం మనకు ఎక్కడ దొరుకుతుంది?

ఈ వస్తువును మనం తీసుకోకపోవడానికి కారణం చేతకానితనం కాదు, చిన్నచూపు. 'పిల్లల ప్రేమకథలు' రాస్తే సాటి రచయితలు ఏమనుకుంటారోనన్న బెరుకు. హింటన్ నవలను సినిమాగా తీయమని కాలిఫోర్నియాలోని ఒక బడి లైబ్రేరియన్, పిల్లలు సంతకాలు చేసి కొప్పోలాకు ఉత్తరం రాస్తే, ఆయన 1983లో సినిమా తీశాడు. పాఠకులుగా ఆ పిల్లలు తమ హక్కు అడిగి తీసుకున్నారు. మన పిల్లలు వాచకం మధ్యలో దాచుకుని అడుగుతున్నారు.

రచయితలు రాయాలి. అది వచ్చేలోగా విమర్శకులు, ముఖ్యంగా బళ్లలో పాఠాలు చెప్పే నావంటివాళ్లు చేయగలిగిన పని ఒకటున్నది. లాక్కున్న పుస్తకాన్ని ముందు చదవాలి, తర్వాత పిల్లతో కూర్చుని మాట్లాడాలి. ఆ అమ్మాయికి మొన్న 'జమీల్యా' ఇచ్చాను. వారం తర్వాత తెచ్చి, "బస్తా కాడ ఏడుపొచ్చింది టీచర్" అన్నది. ప్రేమ గురించి ఏమీ అనలేదు. ఇంకేమైనా ఉన్నయా అని మళ్లీ అడిగింది.