అట్టముక్కంత దూరం

మామిడి పిందె కట్టిందంటే తిరువూరు చుట్టుపక్కల తోటల్లో బోరు మోటార్లకు పని పెరుగుతుంది. కొన్నేళ్ల కిందట అలాంటి రోజుల్లోనే మా తోటలో స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేసి వెనక్కి పడ్డాను. తడి నేల, వట్టి కాళ్లు. ఎర్త్ తీగ ఎప్పుడు తెగిందో మేం చూసుకోలేదు.

వైండింగ్ షాపు బాబాయ్ మెయిన్ తీసేసి, లోపలి ఆటోస్టార్టర్ బోర్డును తిరగేసి చూపించాడు. సోల్డర్ చేశాక కత్తిరించకుండా వదిలేసిన ఒక పార్టు కాలు, కింద వేసిన పల్చటి ప్లాస్టిక్ పొరను పొడుచుకుని రేకుకు తగిలింది. "ఇది ఒక్కరోజులో అయ్యింది కాదు మాస్టారూ. కాంటాక్టర్ పడ్డప్పుడల్లా డబ్బా అదురుతుంది. అదిరినప్పుడల్లా కొంచెం కొంచెం గుచ్చుకుంది. చివరికి బాడీ అయింది, డబ్బాకే కరెంటెక్కింది" అన్నాడు.

ఆ పూట ఆయన చేసిన పని నేను కదలకుండా చూశాను. కాళ్లన్నీ మొదలంటా కత్తిరించాడు. బోర్డును నైలాన్ స్పేసర్ల మీద ఎత్తాడు. కింద లెదరాయిడ్ కాగితం పరిచాడు, బోర్డు కంటే నాలుగు వైపులా వేలెడు ఎక్కువగా. ఉత్త గాలి సందు చాలదా అని అడిగాను. పొడిగా ఉన్నంతసేపు గాలి చాలు, కానీ తోటలో డబ్బాలోకి చీమలు మన్ను తెస్తాయి, ఆ మన్ను వానాకాలం చెమ్మ పడుతుంది అన్నాడు. ఆ తర్వాత మూడు ఫేజులూ ఒక ముడిగా కట్టి, ఆ ముడికీ డబ్బాకూ మధ్య కరెంటు కారుతోందేమో చూడ్డానికి 500 వోల్టుల మెగ్గర్ తిప్పాడు. మల్టీమీటర్ చూసేది చిన్న బ్యాటరీతో. దానికి అందని సన్నటి దారి మెగ్గర్ దగ్గర దాగదు.

కరెంటును లోహానికి తగలకుండా ఆపే ఈ పనికి మన నేలలోనే దొరికే గొప్ప సరుకు ఒకటుంది, గూడూరు, సైదాపురం గనుల అభ్రకం. మైకు సెట్టు ఆంప్లిఫయర్లలో వాడే 2ఎన్3055 ట్రాన్సిస్టర్‌కు దాని లోహపు ఒళ్లే కలెక్టర్. దాన్ని అల్యూమినియం మీద బిగించాలి, వేడి దాటాలి, కరెంటు దాటకూడదు. పొరలు పొరలుగా విడిచే అభ్రకపు రేకు ఒకటి మధ్యలో పెట్టి, రెండు వైపులా తెల్లటి పేస్టు రాస్తే ఆ రెండు పనులూ జరుగుతాయి. నాకది ఎప్పటికీ ఆశ్చర్యమే.

పొర వేశాం కదా, ఇక ఎర్త్ ఎందుకనే వాళ్లున్నారు. అది ప్రాణం మీదికి తెచ్చే మాట. పొర ఎప్పుడో ఒకప్పుడు చిరుగుతుంది. ఆ రోజు కరెంటు మనిషి గుండా కాక తీగ గుండా నేలలోకి పోవాలి, ఫ్యూజు ఎగిరిపోవాలి. అందుకే, అంతసేపూ తగలకుండా తగలకుండా అని జాగ్రత్తపడిన బాబాయ్, చివర్లో ఉప్పుకాగితం తీసుకుని ఎర్త్ బోల్టు చుట్టూ డబ్బా రంగును తెల్లటి ఇనుము బయటపడేదాకా గీకాడు.