టైరు షాపతని ప్రశ్న
హిమాలయన్ లాంటి కొండదారుల మోటారుసైకిలుకి టైర్లు కొనేవాళ్లు పెద్ద పెద్ద బొడిపెలు చూసి మురిసిపోతారు. పని తెలిసిన టైరు షాపతను మాత్రం ముందు "ఎక్కువగా ఏ రోడ్లమీద తిరుగుతారు?" అని అడుగుతాడు. అతని పనితనమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. బొడిపెల టైరు బురదలో, వదులు మట్టిలో పట్టునిస్తుంది. తారు మీద నేలకు తగిలే రబ్బరు తక్కువ కనుక తడిలో జారే భయం, మోత, తొందరగా అరుగుదల. హైదరాబాద్ నుంచి లడఖ్ వెళ్లినా దారిలో అధికభాగం తారే. మధ్యలో రాళ్లదారి వస్తేనో? సబబైన సందేహమే. బొడిపెల టైరుకీ రోడ్డు టైరుకీ మధ్యరకం టైరులో గాలి కాస్త తగ్గిస్తే చాలావరకు గట్టెక్కవచ్చు. మరీ తగ్గిస్తే ట్యూబు నలిగి పంక్చరే. షాపతను తన దగ్గర ఉన్న సరుకే అంటగడతాడంటారా? అలాంటివాళ్లూ లేకపోలేదు. కానీ టైరు పక్కభాగం మీద ఉన్న 2324 అంకె చూపించి, ఇది 2024లో 23వ వారం తయారీ అని తానే చెప్పేవాడు పాత సరుకు దాచుకునే మనిషి కాడు.