మంచం పక్కన నేర్చే చదువు

"సూది వేయడం నేర్చుకోవడానికి నాలుగేళ్లా?" బైపీసీ పాసైన పిల్ల బీఎస్సీ నర్సింగ్‌లో చేరతానంటే మన ఇళ్లల్లో ఏ బాబాయో, మేనమామో ఈ మాట అనకమానరు. వారిని తప్పుపట్టడానికి లేదు. ఆసుపత్రికి వెళ్లిన మనకు కనిపించేవి సూదీ, సెలైనూ, బీపీ మిషనే. కాబట్టి సూదితోనే మొదలుపెడదాం.

మన మందుల షాపుల్లో సీసాల్లో అమ్మే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్ల రకం. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే రకానికి నారింజ మూత సిరంజి. మూతలు తీసేశాక రెండూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. డాక్టరు 40 యూనిట్లు రాశారనుకోండి. 40 రకం సీసాలోంచి నారింజ మూత సిరంజితో 40 గీత దాకా లాగితే వచ్చేది 0.4 మిల్లీలీటరు, అంటే ఒంట్లోకి వెళ్లేది 16 యూనిట్లే. షుగర్ ఎందుకు దిగడం లేదో ఎవరికీ అంతుపట్టదు. తారుమారై, 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో అదే గీత దాకా తీస్తే 100 యూనిట్లు పడతాయి. అప్పుడు రోగి చెమటలు పోసి, స్పృహ తప్పి, ప్రాణం మీదికి రావచ్చు. సూది గుచ్చడం ఒక పూటలో వచ్చేస్తుంది. గుచ్చకముందు సీసా మీది అంకెనూ సిరంజి మీది అంకెనూ కలిపి చూసే అలవాటు మాత్రం అంత తొందరగా రాదు.

చోటు సంగతీ అంతే. పిరుదులోంచి సయాటిక్ నరం వెళుతుంది. సూది పడరాని చోట పడితే పాదం వాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే పసిపిల్లలకు తొడ బయటివైపు కండరంలో వేయమంటారు. చర్మం పొరలోకైతే సూదిని దాదాపు పడుకోబెట్టాలి, కండరంలోకైతే నిటారుగా దించాలి. ఇదంతా స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద నేర్చుకుని, టీచర్ సరేనన్నాకే మనిషి దగ్గరికి వెళ్లాలి.

మన దేశంలో ఈ చదువు డిగ్రీ స్థాయికి వచ్చింది 1946లో, ఢిల్లీలోనూ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనూ. 2021 నుంచి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దీన్ని ఎనిమిది సెమిస్టర్లుగా మార్చింది. మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, సైకాలజీ, సోషియాలజీ, ఇంగ్లిష్ ఉంటాయి. బయోకెమిస్ట్రీ, పోషకాహారం, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, పాథాలజీ తర్వాత వరసగా వస్తాయి. ఈ పేర్లు చూసి 'సగం డాక్టరు చదువు' అనుకునేవారున్నారు. నాకు ఆ మాట నచ్చదు. పుస్తకాల పేర్లు ఒకటే అయినా పని వేరు. రౌండ్స్‌లో డాక్టరు మంచం దగ్గర నిలబడేది కొద్ది నిమిషాలు. మిగతా రోజంతా రోగి ఒంట్లో వచ్చే మార్పు నర్సు కంటనే పడాలి. ఈ నాలుగేళ్లూ నేర్పేది ఆ చూపునే.

ఆ చూపు మొదట పట్టుబడేది 'నర్సింగ్ ఫౌండేషన్స్' అనే సబ్జెక్టులో. మొదటి ఏడాది పిల్లలకు ఇదంటే చిన్నచూపు. పక్క వేయడం, మంచంలో ఉన్న మనిషికి ఒళ్లు తుడవడం, నోరు శుభ్రం చేయడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఇవీ ఇందులో పాఠాలు. 'ఇంట్లో అమ్మ చేసే పనే కదా' అంటారు. నా లెక్కలో మొత్తం కోర్సుకు ఆయువుపట్టు ఇదే.

పక్క సంగతే చూడండి. దుప్పటి మూలలను ఒక పద్ధతిలో మడిచి పరుపు కిందికి దోపడం నేర్పుతారు, ముడత పడకూడదని. కదలలేని మనిషి బరువంతా నడుము కింది ఎముక మీద, మడమల మీద ఆనుతుంది. అక్కడ ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి రక్తం ఆడదు. కింద ముడత ఉంటే, తడి ఉంటే పుండు ఇంకా త్వరగా పడుతుంది. అందుకే రెండేసి గంటలకోసారి పక్క మార్చాలంటారు. మార్చినప్పుడల్లా చర్మం చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడిందంటే ఫరవాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే, పైకి చర్మం చెక్కుచెదరకపోయినా పుండు మొదలైనట్టే. ఇది పుస్తకంలోని మాట. మన ఊళ్లలో నల్లని ఒంటి మీద ఆ ఎరుపు కనిపించదు. కాబట్టి తాకి, పక్క చర్మం కంటే ఆ చోటు వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో పోల్చి చూడాలి. పుండు పడ్డాక మానడానికి నెలలు పట్టొచ్చు. పడకుండా ఆపిన నర్సు పని ఎవరి లెక్కలోకీ రాదు, కనబడేది మామూలు చర్మమే కదా!

నాడి, శ్వాస లెక్కించడంలోనూ ఇలాంటి ఒడుపే ఉంది. 'మీ ఊపిరి లెక్కపెడుతున్నాను' అని చెప్పామో, రోగి ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూడటం అయ్యాక కూడా మణికట్టు వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు ఉంటూ ఛాతీ కదలికను లెక్కించమని నేర్పుతారు. చాలా జబ్బుల్లో పరిస్థితి విషమించేముందు మొదట పెరిగేది శ్వాస వేగమే. అయినా వార్డుల్లో అందరికీ '20' అని చూడకుండానే రాసేసే అలవాటు ఉంది. ఆ అంకె అబద్ధమైతే, దాన్ని నమ్మిన డాక్టరు నిర్ణయం కూడా గాల్లో దీపమే.

రెండో ఏడాది జనరల్ వార్డుల్లో లెక్కలు మొదలవుతాయి. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, గొట్టంలో మిల్లీలీటరుకు 20 చుక్కలు. అంటే నిమిషానికి 42 చుక్కల దగ్గర గొట్టం మీది చక్రం బిగించాలి. వాడిన సామగ్రి ఏ బుట్టలో వేయాలన్నది ఇంకో పాఠం. రక్తపు దూది పసుపులో, సూది తీసేసిన సిరంజి ఎరుపులో, సూది తెల్ల డబ్బాలో, గాజు నీలంలో.

రోగి సంరక్షణకు ఒక ప్రణాళిక రాయడం కూడా నేర్చుకోవాలి. డాక్టరు కేస్ షీట్‌లో న్యుమోనియా అని రాస్తారు. విద్యార్థిని ఆ మాట రాయకూడదు. 'కఫం బయటికి రాక ఊపిరి ఆడటం కష్టంగా ఉంది' అని రాయాలి. తగ్గించడానికి తాను ఏం చేస్తుందో, ఎప్పటిలోగా ఏ మార్పు రావాలో, చివరికి వచ్చిందో లేదో రాయాలి. జబ్బు ఒకటే అయినా ముసలాయనకూ, బాలింతకూ ఈ కాగితం ఒకేలా ఉండదు. సీనియర్ల రికార్డులు ముందేసుకుని రాత్రికి రాత్రి దించేసేవాళ్లకు మార్కులైతే వస్తాయి, ఆలోచన రాదు. ఈ జాడ్యం చాలా కాలేజీల్లో ఉంది. టీచర్లకు తెలియనిదీ కాదు.

అయిదో సెమిస్టర్‌లో మానసిక వైద్యం మొదలవుతుంది. అక్కడ సూదులకంటే మాటలతోనే ఎక్కువ పని. రోగితో జరిగిన సంభాషణను 'ప్రాసెస్ రికార్డింగ్' అని గడులు గీసి రాయిస్తారు. రోగి అన్నది ఒక గడిలో, విద్యార్థిని అన్నది పక్క గడిలో, ఆ మాట వెనకున్నదేమిటో ఇంకో గడిలో. "నన్ను ఇంట్లోవాళ్లు వదిలేశారమ్మా" అని ఒకామె అంటే, మనమంతా అనే మాట "ఏం కాదులే, బాధపడకు". ఈ చదువులో అది తప్పు. అక్కడితో ఆమె నోరు మూసుకుంటుంది. "వదిలేశారని ఎందుకనిపించిందమ్మా?" అన్నా సంజాయిషీ అడిగినట్టే ఉంటుంది. "ఇంటి గురించి చెప్పండి" అని ఊరుకుని, ఆ మౌనాన్ని భరించడం నేర్చుకోవాలి. పందొమ్మిది, ఇరవయ్యేళ్ల పిల్లలకు ఇది ఎంత కష్టమో వేరే చెప్పాలా?

కాన్పుల వార్డుకు వచ్చేసరికి చూపుతోపాటు గడియారం కూడా కావాలి. నొప్పులు సాగుతున్న తీరును పార్టోగ్రాఫ్ అనే గీతల కాగితం మీద గుర్తిస్తూ పోతారు. గర్భాశయ ద్వారం తెరుచుకునే గీత హెచ్చరిక గీతను దాటి కుడివైపుకు జరిగిందంటే, పెద్దాసుపత్రికి పంపే ఏర్పాట్లు ఆలోచించాల్సిందే. బిడ్డ పుట్టిన ఒక నిమిషానికీ, అయిదు నిమిషాలకూ అప్గార్ మార్కులు వేయాలి. రంగు, గుండె వేగం, స్పందన, కండరాల బిగువు, శ్వాస, ఒక్కోదానికి రెండు మార్కుల దాకా. 1952లో దీన్ని తయారుచేసిన వర్జీనియా అప్గార్ కాన్పుల డాక్టరు కాదు, మత్తు డాక్టరు.

కొత్త సిలబస్‌లో నాకు బాగా నచ్చిన చేర్పు ఫోరెన్సిక్ నర్సింగ్. అత్యాచార బాధితురాలు వచ్చినప్పుడు ఆమె దుస్తులను ప్లాస్టిక్ సంచిలో కుక్కకూడదు, ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్‌లో తేమకు బూజు పట్టి సాక్ష్యం పాడవుతుంది. ఇది తెలియక ఒక కేసు కోర్టులో వీగిపోవచ్చు.

కమ్యూనిటీ పోస్టింగ్‌లో ఊళ్లకు వెళతారు. చేతిలో ఒక సంచి. దాన్ని ఇంట్లో నేల మీద పెట్టకూడదు. శుభ్రమైన చోట పేపరు పరిచి దాని మీదే పెట్టాలి. ముందు సబ్బు, తువ్వాలు తీసి చేతులు కడుక్కున్నాకే మిగతా సామాన్లు ముట్టుకోవాలి. ఒక ఇంటి జబ్బు ఇంకో ఇంటికి మోసుకుపోకుండా ఈ జాగ్రత్త. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో చాలాచోట్ల బీపీ, షుగర్ రోగులను మొదట చూసేది ఈ డిగ్రీ చదివినవారే.

చివరి సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్పే, 22 వారాలు. ఆ తర్వాత కొందరు జర్మన్ భాష నేర్చుకుని అటు వెళతారు, కొందరు గల్ఫ్‌కు. ఉన్నచోటే ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలీచాలని జీతానికి కుదురుకునేవారే ఎక్కువ. అది వేరే వ్యాసం రాయదగ్గ సంగతి.

మీ అమ్మాయినో, అబ్బాయినో ఈ కోర్సులో చేర్పించాలనుకుంటే కాలేజీ భవనం, హాస్టల్ గదులు చూసి వచ్చేయకండి. కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలనీ, విద్యార్థి ఒక్కరికి ముగ్గురు రోగులు ఉండాలనీ నియమాలు చెబుతున్నాయి. ఆ ఆసుపత్రి ఎక్కడుందో అడగండి. ఒక మామూలు పనిదినాన చెప్పకుండా వెళ్లి, మంచాల మీద మనుషులున్నారో లేదో, వాళ్ల పక్కన విద్యార్థులున్నారో లేదో కళ్లారా చూసి రండి. వార్డు ఖాళీగా ఉంటే ఫీజు ఎంత తక్కువైనా అక్కడ చేర్పించకండి.