గాలివాటం చూసి గీసే దారి

చిలకలూరిపేటలో మా వీధి పిల్లలకు సెలవురోజుల్లో నేను నేర్పేది ఒకటుంది: లండన్ నుంచి బార్బడోస్‌కు విమానం దారి గీయడం. బార్బడోస్ లాంటి కరీబియన్ దీవుల్లో మెడిసిన్ చదివే తెలుగు పిల్లలున్నారు గనక ఆ పేర్లు మావాళ్లకు మరీ కొత్తేం కాదు.

కావలసినవి ఒక గ్లోబు, మూరెడు నూలుదారం. అట్లాసులో స్కేలు పెట్టి గీస్తే గీత అట్లాంటిక్ నడిమధ్య ఉన్న అజోర్స్ దీవుల దక్షిణపు కొసకు జారుతుంది. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే అదే దీవుల ఉత్తరపు అంచున పోతుంది. దగ్గర దారి దారం చూపిందే, సుమారు 6,750 కిలోమీటర్లు. ఒకసారి చూశాక నమ్మక, మళ్లీ దారం పట్టి చూడని పిల్లలుండరు.

అయితే దగ్గరదని ఆ దారినే పోరు. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం పడమటి నుంచి తూర్పుకు ఉరుకుతుంటుంది. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. కరీబియన్ వెళ్లే విమానం దానికి ఎదురెళ్లాలి. అందుకే రూటు వేసేవాళ్లు ఆ రోజు గాలుల పటం ముందేసుకుని, అవసరమైతే దక్షిణానికి దిగుతారు. దూరం పెరిగినా ఇంధనం మిగులుతుంది. మిరపచేలో మందు కొట్టేవాడు గాలివాటం చూడందే ట్యాంకు భుజానికెత్తుకోడు, ఇదీ అంతే. 1492లో కొలంబస్ కూడా ముందు కానరీ దీవులదాకా దిగి, అక్కడ తూర్పుగాలి పట్టుకునే పడమటికి వెళ్లాడు. యూరప్‌వాళ్లు మిరపకాయను చూసింది ఆ ప్రయాణంలోనే. గుంటూరు యార్డులో మిర్చి బస్తాలు చూసినప్పుడల్లా నాకు ఆ తెరచాపల దారి గుర్తొస్తుంది.

మళ్లీ విమానం సంగతికొస్తే, నడిసముద్రంలో దానికి రాడార్ అందదు. పదేసి డిగ్రీల రేఖాంశాలే మైలురాళ్లు. విమానం బాధ్యత షాన్విక్, సాంటా మారియా, న్యూయార్క్, పియార్కో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ కేంద్రాల మధ్య చేతులు మారుతుంది.

నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం ఒక్క ప్రశ్న దగ్గరే: ఇక్కడ ఇంజిన్ ఆగితే ఎక్కడ దిగుతాం? 2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ 236లో ఇంధనం కారిపోయి రెండు ఇంజిన్లూ ఆగాయి. దాదాపు 20 నిమిషాలు గాల్లో తేలుతూ వచ్చి అజోర్స్‌లోని లాజెస్ రన్‌వే మీద దిగింది. 306 మందీ బతికారు. దగ్గర్లో ఆ రన్‌వే ఉండబట్టే.

అందుకే దారి పొడవునా లాజెస్ ఎంత దూరమో, అది వెనకబడ్డాక బెర్ముడా ఎంత దూరమో దారంతోనే కొలిచి రాయమంటాను. ఆ రెంటికీ మధ్యనున్న ఖాళీ చూశాక, నేను చెప్పకుండానే పిల్లలు దారిని అటో ఇటో జరుపుతారు.