ఆహార రుగ్మతల డిజిటల్ చికిత్సలో రోగి మాటకు చోటు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆహార రుగ్మతల చికిత్స ఆసుపత్రి గది నుండి ఫోను తెరకు విస్తరిస్తోంది. దానితోపాటు ఎవరి వ్యాధికి తగిన చికిత్స వారికి అందాలన్న ఆశయమూ బలపడుతోంది. ఈ రెండు ధోరణులు సాధించిన ఫలితాలను గుర్తిస్తూనే, వాటికి పునాది అయిన ప్రశ్నావళుల పరిమితిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. రోగి సొంత మాటకు చోటివ్వని కొలమానంపై నిలిచిన చికిత్స, ఎంత సూక్ష్మమైన గణితాన్ని వాడినా, పూర్తిగా ఆ వ్యక్తిది కాజాలదన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: ఆహార రుగ్మతలు, డిజిటల్ చికిత్స, వ్యక్త్యనుగుణ చికిత్స, ప్రశ్నావళి, అనువాదం, తెలుగు నుడికారం.

1. ఉపోద్ఘాతం

శరీరం ప్రమాదకరంగా కృశించిపోతున్నా ఆహారాన్ని నిరాకరించే స్థితికి 1870వ దశకంలో లండన్ వైద్యుడు విలియం గల్ ‘అనొరెక్సియా నెర్వోసా’ అని పేరు పెట్టారు. అదుపు తప్పి అతిగా తినడం, బరువు పెరగకుండా వాంతి చేసుకోవడం వంటివి ప్రధాన లక్షణాలుగా గల ‘బులీమియా నెర్వోసా’ను 1979లో జెరాల్డ్ రస్సెల్ వర్ణించారు. అతితిండి రుగ్మతను 2013లో వెలువడిన అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎమ్-5 ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. ఇవి కేవలం అలవాట్ల లోపాలు కావు. మానసిక వ్యాధులలో మరణాల రేటు అధికంగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి.

ఈ వ్యాధిగ్రస్తులలో చాలామంది చికిత్సకు రారు. సిగ్గు, ఖర్చు, శిక్షణ పొందిన చికిత్సకుల కొరత ఇందుకు కారణాలు. ఈ అంతరాన్ని పూడ్చే సాధనంగానే డిజిటల్ చికిత్స ముందుకు వచ్చింది. కాబట్టి దాని విలువను కొత్తదనాన్ని బట్టి కాక, రోగికి ఎంత దగ్గర కాగలిగిందన్న దానిని బట్టి నిర్ణయించవలసి ఉంటుంది.

2. డిజిటల్ చికిత్స: ఫలితం, హద్దు

ఆలోచనలకూ ప్రవర్తనకూ గల ముడిని విప్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని ఆహార రుగ్మతలకు అనువుగా తీర్చిదిద్దినవారిలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ముఖ్యులు. ఈ చికిత్సకు నిర్దిష్టమైన మెట్లున్నాయి. అందువల్ల దానిని పుస్తకంగానూ, తర్వాత ఫోను కార్యక్రమంగానూ మలచడం సాధ్యమైంది. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2017 మార్గదర్శకాలలో బులీమియా, అతితిండి రుగ్మతలున్న వయోజనులకు మార్గదర్శకుని సాయంతో సాగే స్వయంసహాయ చికిత్సను తొలి మెట్టుగా సూచించింది. అనొరెక్సియాకు మాత్రం అటువంటి సూచన చేయలేదు.

అమెరికాలోని 27 విశ్వవిద్యాలయాలకు చెందిన 690 మంది విద్యార్థినులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. శిక్షకుల తోడ్పాటుతో ఫోను కార్యక్రమం అందినవారిలో 83 శాతం మంది చికిత్స మొదలుపెట్టారు. సాధారణ పద్ధతిలో వైద్యకేంద్రానికి వెళ్ళమని సూచించిన వర్గంలో చికిత్స పొందినవారు 28 శాతమే. మొదటి వర్గంలో వ్యాధి తీవ్రత కూడా ఎక్కువగా తగ్గింది. అయితే రుగ్మత ప్రవర్తనల నుండి పూర్తిగా బయటపడినవారి విషయంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చికిత్స వాకిలి తెరవడంలో డిజిటల్ సాధనం సఫలమైందని, లోపలికి వచ్చినవారిని చివరిదాకా నడిపించడంలో ఆ మేరకు సఫలం కాలేదని దీనినిబట్టి చెప్పవచ్చు.

మనిషి తోడు తొలగితే ఏమవుతుందో 2023లో అమెరికాలో జరిగిన ఒక పరిణామం చూపుతుంది. అక్కడి నేషనల్ ఈటింగ్ డిజార్డర్స్ అసోసియేషన్ తన సహాయవాణిని మూసివేసే నిర్ణయం ప్రకటించింది. ఆ సంస్థ అందుబాటులో ఉంచిన ‘టెస్సా’ అనే సంభాషణ యంత్రం కేలరీలు తగ్గించమని, క్రమం తప్పక బరువు చూసుకోమని సలహాలిచ్చిందన్న ఫిర్యాదులు రావడంతో ఆ ఏడాది మే నెలాఖరులో దానిని నిలిపివేశారు. ఆ సలహాలు సాధారణ పాఠకునికి ఆరోగ్య సూత్రాల వలె కనిపించవచ్చు. ఈ రోగికి అవే వ్యాధిని పెంచే మాటలు. ఎదుట ఉన్నది ఎవరో తెలియకుండా చెప్పిన హితవు ఈ రుగ్మతలో అపకారమే చేస్తుంది.

3. వ్యక్త్యనుగుణ చికిత్స: గణితం ఆగేచోటు

ఈ లోపాన్ని గుర్తించిన పరిశోధనా ధోరణి వ్యక్త్యనుగుణ చికిత్స. డెన్నీ బోర్స్‌బూమ్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మానసిక వ్యాధి అంటే ఒకదానినొకటి ప్రేరేపించుకొనే లక్షణాల జాలం. లూయివిల్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు షెరీ లెవిన్సన్, ఆమె బృందం ఈ దృష్టిని ఆహార రుగ్మతలకు అన్వయించారు. రోగి ఫోనుకు రోజుకు పలుమార్లు ప్రశ్నలు వస్తాయి. ఆ సమాధానాల నుండి ఆ ఒక్క రోగి లక్షణాల జాలాన్ని గణిస్తారు. అందులో కేంద్రంగా తేలిన లక్షణానికి తగిన చికిత్సాభాగాన్ని ఎంచుకుంటారు. ఒకరిలో బరువు పెరుగుతానన్న భయం, మరొకరిలో పరిపూర్ణత కోసం ఆరాటం కేంద్రం కావచ్చు. సగటు రోగిని వదిలి ఎదుటి రోగిని చూడాలన్న ఈ సంకల్పం ప్రశంసనీయం.

అయినా రెండు ప్రశ్నలు మిగులుతాయి. మొదటిది గణితానికి సంబంధించినది. సామాజిక సంబంధాల అధ్యయనం నుండి తెచ్చుకున్న ‘కేంద్రత’ అనే కొలత లక్షణాల విషయంలో నిజంగా దేనిని కొలుస్తుందని లారా బ్రింగ్‌మన్, సహ పరిశోధకులు 2019లో ప్రశ్నించారు. రెండవది అంతకంటె మౌలికమైనది. అడగని లక్షణం జాలంలోకే రాదు. జాలంలో లేనిది కేంద్రం కాజాలదు. ప్రశ్నల పట్టిక అందరికీ ఒకటే అయినప్పుడు రోగికి ప్రత్యేకమైనది జవాబుల అమరిక మాత్రమే.

4. భయం లేని కృశత్వం

పట్టికలో లేని లక్షణం ఊహ కాదు. 1993లో సింగ్ లీ హాంకాంగ్‌లోని 70 మంది అనొరెక్సియా రోగులను పరిశీలించగా, సగానికి పైగా రోగులలో లావవుతామన్న భయం కనిపించలేదు. కడుపు ఉబ్బరమని, ఆకలి లేదని వారు చెప్పుకున్నారు. 1995లో ఢిల్లీ వైద్యులు ఖండేల్వాల్, శరణ్, సక్సేనా వివరించిన ఐదుగురు యువతులలోనూ ఆహార నిరాకరణ, వాంతులు, బరువు తగ్గడం ఉన్నాయి. తమ ఆకృతిని గురించిన వక్ర భావన లేదు.

భయాన్ని రోగులు దాచిపెట్టి ఉండవచ్చునన్న ఆక్షేపణకు అవకాశముంది. కొందరి విషయంలో అది నిజమూ కావచ్చు. కాని దాచడానికీ లేకపోవడానికీ గల తేడా వినేవారికి తెలియవచ్చునేమో గాని, అంకెకు తెలియదు. భయాన్ని వ్యక్తం చేయకపోయినా, బరువు పెరగకుండా అడ్డుకొనే ప్రవర్తన నిలకడగా ఉంటే అనొరెక్సియాగా నిర్ధారించే వీలును డీఎస్ఎమ్-5 కల్పించింది. కొలమానాలు మాత్రం ఆ మేరకు మారలేదు. 1994లో ఫెయిర్‌బర్న్, బెగ్లిన్ ప్రకటించిన, విస్తృతంగా వాడుకలో ఉన్న ప్రశ్నావళి మొత్తం స్కోరు నాలుగు విభాగాల సగటు. వాటిలో రెండు ఆకృతి, బరువుల గురించిన చింతకు కేటాయించినవి. ఆ చింత లేని రోగి ఎంత కృశించినా సగటు అంకె తగ్గిపోతుంది.

5. తెలుగు నుడికారం, అనువాద సమస్య

ఇటువంటి ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ సమస్య మరింత స్పష్టమవుతుంది. ‘అన్నం సయించడం లేదు’, ‘ముద్ద దిగడం లేదు’, ‘తిన్నది ఒంటికి పట్టడం లేదు’ అన్న మాటలు తెలుగు ఇళ్ళలో నిత్యం వినిపిస్తాయి. వీటిలో ప్రతిదీ అజీర్ణాన్నో, దుఃఖాన్నో, అలకనో, వ్యాధినో సూచించవచ్చు. ‘ఒళ్ళు చేసింది’ అన్న మాట పెద్దల నోట మెప్పు కావచ్చు, ఈడు పిల్లల చెవికి నింద కావచ్చు. ‘లావవుతానని భయపడ్డారా’ అన్న ఒక్క ప్రశ్న ఈ అర్థచ్ఛాయలను పట్టలేదు.

ఉపవాసం మరొక ఉదాహరణ. ఆకృతిని, బరువును ప్రభావితం చేయడానికి ఎనిమిది గంటలు, అంతకు మించి తినకుండా ఉన్న రోజులెన్నని పై ప్రశ్నావళి అడుగుతుంది. శనివారం ఒంటిపూట ఉండే భక్తురాలు ‘సున్నా’ అని నిజం చెబుతుంది. వ్రతం చాటున ఆహారాన్ని తప్పించుకొనే రోగి కూడా ‘సున్నా’ అనే చెప్పవచ్చు. అంకెలలో ఇద్దరూ ఒకటే. పొద్దు వాలి ఫలహారం ముందు కూర్చున్నప్పుడు ఒకరు ఇష్టంగా తింటారు, మరొకరు ఇంకొక మొక్కు వెతుక్కుంటారు. తేడా తెలిసేది అక్కడే.

6. పట్టికలోని చివరి గడి

పరిష్కారానికి ఆధారం పాత చికిత్సలోనే ఉంది. ఫెయిర్‌బర్న్ పద్ధతిలో రోగి రోజూ నింపే పట్టికలో తిన్న సమయం, పదార్థం, స్థలం వంటి గడులతో పాటు చివర సందర్భాన్ని, వ్యాఖ్యను రాసే గడి ఉంటుంది. అందులో రోగి తనకు తోచింది తన మాటల్లో రాస్తారు. చికిత్సకులు దానిని తదుపరి సమావేశంలో రోగితో కలిసి చదువుతారు. అంకెలపై మాత్రమే ఆధారపడే ఫోను ప్రశ్నలలో కోల్పోయేది ఈ గడినే. చూడటానికి చిన్నదైనా, పట్టికలో రోగి వ్యక్తిగా కనిపించేది అక్కడే.

7. ముగింపు

డిజిటల్ చికిత్స అవసరాన్ని ఈ పరిశీలన కాదనడం లేదు. నిపుణులు అందుబాటులో లేని ఊళ్ళకు దాని అవసరం మరీ ఎక్కువ. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరు ద్వారా తెలుగులోనూ మాట్లాడే వీలు కల్పిస్తోంది. సాంకేతికత మనిషి గొంతును మోసుకురాగలదనడానికి అది నిదర్శనం.

తెలుగులో ఈ రంగంలో పరిశోధన చేపట్టేవారు మూడు అంశాలను గమనించడం అవసరం. ప్రశ్నావళిని అనువదించక ముందే రోగులు, కుటుంబసభ్యులు తమ బాధను ఏ మాటల్లో చెబుతున్నారో సేకరించాలి. ప్రతి విడత ప్రశ్నలలో రాతకో, గొంతుకో ఒక స్వేచ్ఛా గడిని ఉంచాలి. ఆ గడిని చదవడానికి శిక్షణ పొందిన మనిషి ఉండాలి. చదివేది ఎవరో రోగికి ముందే తెలియాలి. మొదటి పనిలో వైద్యశాస్త్రానికి భాషా పరిశోధకుల సాయం కావాలి. మాండలికాల వారీగా ఆకలికి, అరుచికి, ఒంటికి ఉన్న మాటలను సేకరించి వివరించడం తెలుగు శాఖలు చేయగల పని. ఆ మాటలు చేరని పట్టిక ఎన్ని లెక్కలు కట్టినా, ‘ముద్ద దిగడం లేదు’ అన్న రోగి బాధ దాని లెక్కలోకి రాదు.