కారుకు ఆనని చెయ్యి

మొన్న ఆదివారం కోరుట్ల దగ్గర ఒక పల్లెలో ఒక ఇంటికి పోయి రెండు ఫొటోలు ఇచ్చొచ్చాను. రెండూ జూలైలో దుబాయ్‌లో తీసినవే. ఒకటి తెల్లవారుజామున క్రీక్ మీద తీసింది. మసక గాలి, కదలని నీళ్లు, ఒంటరిగా ఒక అబ్రా పడవ, దాన్ని నడిపే మనిషి వీపు. ఈ పదేళ్లలో నేను తీసిన వాటిలో నాకు బాగా నచ్చిన ఫొటో. 12×18 అంగుళాల సైజులో మంచి కాగితం మీద కొట్టించాను. ఆ ఇంటామె దాన్ని చూసి, 'మంచిగున్నదన్నా' అని మంచం మీద పెట్టింది. రెండోది పోస్టుకార్డు సైజు. బుర్జ్ ఖలీఫా ముందు ఆమె కొడుకు నిటారుగా నిలబడి తీయించుకున్నది. దాన్ని కొంగుతో తుడిచి, వెలుతురు కోసం వాకిట్లోకి తీసుకుపోయింది. ఎంతసేపటికీ లోపలికి రాలేదు.

నా మనసు చివుక్కుమంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టింపులు తెలుసు. సీజన్‌లో ఎక్కడికీ పోవద్దంటాను. కుంటాల జలపాతాన్ని వానాకాలంలో అందరూ చూస్తారు. ఏప్రిల్‌లో పోతే కడెం నీళ్లు సన్నబడి, అవి ఏండ్ల తరబడి చెక్కిన బండ కనిపిస్తుంది. ఆ బండను చూసి రమ్మని ఎన్నిసార్లు రాశానో. రెండో పట్టింపు, మనిషిని నిలబెట్టి 'ఇటు చూడు' అని ఫొటో తీయొద్దు. మనిషి తన పనిలో తానుండగా తీసిందే ఫొటో అని ముప్పై ఏండ్లుగా వాదిస్తున్నాను. మూడోది, తీసినదాన్ని కాగితం మీదికి తేవాలి.

దుబాయ్‌కి జూలైలో పోయింది కూడా ఆ మొదటి పట్టింపుతోనే. బిడ్డ అక్కడే ఉంటుంది, చలికాలం రమ్మన్నది. అక్కడ సీజనంటే నవంబరు నుంచి మార్చి దాకా. ఎండాకాలం వస్తే గ్లోబల్ విలేజ్ మూస్తారు, మిరాకిల్ గార్డెన్ మూస్తారు. ఆ నెలల్లో జనాన్ని రప్పించడానికే 1998లో సమ్మర్ సర్‌ప్రైజెస్ పేరుతో అమ్మకాల పండుగ మొదలుపెట్టారు. ఆ సందడంతా మాల్స్‌లోనే. బయట పొద్దెక్కితే 40 డిగ్రీలు దాటుతుంది.

కెమెరాకూ అది గడ్డుకాలమే. ఏసీ గదిలోంచి బయట అడుగు పెట్టగానే చల్లటి అద్దం మీద తేమ పేరుకుంటుంది. తుడిస్తే మళ్లీ పేరుకుంటుంది. పొద్దున తీయాలంటే రాత్రే కెమెరాను గాలి చొరని జిప్ సంచిలో పెట్టి బాల్కనీలో ఉంచాలి. తేమ సంచి పైన పడుతుంది, లోపల కెమెరా మెల్లగా బయటి వేడికి అలవాటవుతుంది. ఆకాశం దుమ్ముతో, చెమ్మతో తెల్లగా పాలిపోయి ఉంటుంది కనుక దాన్ని ఫ్రేములోకి ఎంత తక్కువ రానిస్తే అంత మంచిది. పొద్దు పొడిచే ముందు అరగంట, పొడిచాక ఒక గంట, అంతే మన చేతిలో ఉండేది. ఇవన్నీ తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. క్రీక్ ఫొటో మూడో రోజుది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక ఫ్లైఓవర్ కింద పదిమంది దాకా మనుషులు అట్టలు పరుచుకొని పడుకొని ఉన్నారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి నియమం. 2005 నుంచి అమల్లో ఉంది. రోడ్డు మీద పడ్డ ఎండ ఎగిరి, కింది వైపు నుంచి వాళ్ల ముఖాల మీదికి వస్తోంది. అట్లాంటి వెలుతురు కోసం నేను ఎంత దూరమైనా పోతాను. కానీ అడగకుండా మనిషి ఫొటో తీయడం ఆ దేశంలో నేరం, జైలు కూడా పడొచ్చు. కెమెరా చూపించి సైగ చేశాను. అప్పుడే ఫోన్లో బిడ్డతో తెలుగులో మాట్లాడటం విన్నట్టున్నాడు, ఒక పిల్లగాడు లేచి కూర్చున్నాడు.

'మనోళ్లేనా కాకా? ఎక్కడి నుంచొచ్చిండ్రు?'

'కరీంనగర్, తమ్మీ.'

'మాది కోరుట్ల దిక్కు. గిట్ల తియ్యకు కాకా. గిట్ల జూస్తే మా అవ్వ బువ్వ తినది. ఆయితారం రా, మంచంగి తొడుక్కొని వస్త.'

కెమెరా సంచిలో పెట్టేశాను. బయట నిలిపిన బిడ్డ కారు దగ్గరికి వచ్చి తలుపు మీద చెయ్యి వేశానో లేదో చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను. అక్కడే నిలబడిపోయాను. మా నాయనమ్మ మాట గుర్తొచ్చింది.

నాకు పదేండ్లున్నప్పుడు, 1984లో, మా చిన్నబాపు దుబాయ్ పోయాడు. బొగ్గుబాయి, దుబాయి, బొంబాయి అని మన జిల్లా బతుకును మూడు మాటల్లో చెప్పుకునేవాళ్లు. పెద్దబాపు గోదావరిఖనికి పోయాడు, చిన్నబాపు విమానమెక్కాడు. పోయేముందు ఇంటిల్లిపాదీ జగిత్యాలలో ఒక స్టూడియోకు పోయి, పరదా మీద గీసిన విమానం ముందు నిలబడ్డాం. ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. వచ్చేవాళ్లెవరైనా ఉంటే మాటలు క్యాసెట్‌లో నింపి పంపేవాడు. ఐదో ఉత్తరంలోనో ఆరో ఉత్తరంలోనో రంగుల ఫొటో ఒకటి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఇస్త్రీ అంగి, తెల్ల కారు, కారు ముందు బానెట్ మీద చెయ్యి. దాన్ని బడికి తీసుకుపోయి మా చిన్నబాపు కారు అని అందరికీ చూపించాను. నాయనమ్మ పటం కట్టించి, దేవుని క్యాలెండర్ పక్కన మేకుకు తగిలించింది.

మూడేండ్లకు ఆయన ఒక యాషికా కెమెరా, ఒక టేప్ రికార్డరు పట్టుకొని వచ్చాడు. కారు ఏదని అడిగాను. 'అది ఎవల్దో బిడ్డా, రోడ్డు మీద ఉండె' అన్నాడు. బడిలో ముఖమెట్లా చూపించాలో తెలియక రెండు రోజులు అన్నం సయించలేదు. ఫొటోలు తీయడం ఆ యాషికాతోనే నేర్చుకున్నాను. నిలబెట్టి తీసే ఫొటో అబద్ధం చెబుతుందన్న పట్టింపు కూడా ఆ రోజు పట్టుకున్నదే. అట్లాంటి ఫొటోలు సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ పల్లెల్లో ఎన్ని గోడల మీదో చూశాను. కొన్ని ఇండ్లలో, పెట్టె వచ్చిన తర్వాత, ఆ ఫొటోకే దండ వేశారు.

నాయనమ్మ మాత్రం ఆ కారు ఊసే ఎత్తేది కాదు. పటం ముందు నిలబడి, 'చెయ్యి ఆనలేదురా వానికి' అనేది. ముసలి కండ్లకు సరిగా కనిపించడం లేదనుకునేవాణ్ని.

దుబాయ్ నుంచి రాగానే ఆ పటం దించాను. రంగులు ఎర్రబారిపోయాయి కానీ చెయ్యి స్పష్టంగానే ఉంది. బానెట్‌కు అంగుళం పైన ఆగి ఉంది. కింద చూస్తే నీడ బూట్లు దాటలేదు. దుబాయ్ కర్కట రేఖకు కాస్త ఉత్తరాన ఉంటుంది. జూన్, జూలై నెలల్లో మధ్యాహ్నం అక్కడ ఎండ దాదాపు నడినెత్తిన ఉంటుంది. నీడ అట్లా కాళ్ల కిందికి చేరేది ఆ రోజుల్లోనే, ఆ వేళలోనే. మధ్యాహ్నం పని ఆపాలన్న నియమం అప్పటికి లేదు. ఆ ఎండలో నల్ల కళ్లద్దాలు పెట్టుకొని, కాలుతున్న రేకు మీద చెయ్యి పెట్టినట్టు చూపించి, ఆయన నవ్వుతున్నాడు. నలభై ఏండ్లు ఆ ఫొటో కింద తిరిగినవాణ్ని, ఫొటోలు చూడటం నేర్చుకున్నాననుకున్నవాణ్ని, ఇది చూడలేదు.

దుబాయ్‌లో ఆ ఆదివారం సాయంత్రం, అన్నట్టుగానే, కోరుట్ల పిల్లగాడు మెట్రోలో వచ్చాడు. లేత నీలం అంగి. మాల్ దాటి బయటికి రాగానే నా లెన్స్ మసకేసింది. అది తేరుకునేదాకా పది నిమిషాలు గోడ మీద కూర్చున్నాం. అతను నాలుగుసార్లు తల దువ్వుకున్నాడు. 828 మీటర్ల కట్టడం మొత్తం రావాలి, ముఖమూ స్పష్టంగా రావాలి. వైడ్ లెన్స్ పెట్టి, నేల మీద మోకాళ్లూని, ముఖం ఫ్రేము అంచుకు పోయి సాగిపోకుండా నడిమికి తెచ్చుకున్నాను. వెనక దీపాలు ధగధగలాడుతుంటే ముఖం నల్లబడుతుంది. పక్క హోటల్ బోర్డు వెలుగు పడేచోటికి రెండడుగులు జరిపాను. 'ఇటు చూడు తమ్మీ' అన్నాను. 'ఫోన్ల వద్దు కాకా, కాగితం మీద కొట్టించి ఇయ్యి' అన్నాడు.

ఆ కాగితమే మొన్న వాకిట్లో ఆమె చేతిలో ఉన్నది. నేను బయటికి పోయేసరికి ఆమె బుర్జ్ ఖలీఫాను చూడటం లేదు. బొటనవేలు కొడుకు భుజం మీద ఉంది.

'ఈ అంగి ఎవల్దన్నా? వానిది గాదు. భుజాలు జారినయ్ సూడు.' కొంచెం ఆగి అన్నది, 'బక్కగైండు. మెడల ఎముక గనవడుతుంది. అయినా నవ్విండు, నా కోసమని.'

ఫ్లైఓవర్ కింద నేను తీయాలనుకున్న ఫొటోలో ఉండేదంతా ఆమె ఈ ఫొటోలోనే చూసేసింది. చూసి, కొడుకు దాచాలనుకున్నదాన్ని దాచినట్టే ఉంచింది. నేను ఏమీ అనలేదు.

'వానికి నాదొకటి తీసి పంపుతవా అన్నా?' అంది. అప్పుడామె బీడీల చాట ముందర నిలబడి ఉంది, వేప చెట్టు సందులోంచి పొద్దు ముఖం మీద పడుతోంది. కెమెరా నా భుజానికే ఉంది. చెయ్యి దాని మీదికి పోతుండగానే ఆమె, 'ఆగు, గిట్ల గాదు. చీర మార్చుకొనొస్త' అని లోపలికి నడిచింది.

గోడ మీద వెలుతురు ఇంకో పది నిమిషాలు ఉంటుంది. చాటను పక్కకు జరిపి, ఆమె కోసం వాకిట్లో కుర్చీ వేసి కూర్చున్నాను.