కాగితం మీద తెరిచిన చెరువు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదంపై ఒక దళిత విమర్శ

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆపేస్తున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, ఆపేసింది. విడిగా నమోదు చేసుకున్నవాళ్లకు ఇంకో ఏడాది భద్రతా మరమ్మతులు ఇస్తామన్నది గానీ అది గడువు పొడిగింపే. విండోస్ 11 కావాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కంపెనీ ఒప్పుకున్న జాబితాలోది అయ్యుండాలి. హాస్టళ్లలో మన పిల్లల దగ్గరున్నవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాపులు. ఏదో ఆఫీసులో వాడి తీసేసినవి, ఫెలోషిప్ డబ్బులు పడ్డ నెలలో కొన్నవి. అవి ఇంకా పనిచేస్తున్నాయి. కంపెనీ క్యాలెండర్ ప్రకారం మాత్రం వాటి ఆయుష్షు తీరిపోయింది.

ఈ సందర్భంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులు మళ్లీ మన దగ్గరికొచ్చి లినక్స్‌కి మారండి అంటున్నారు. సలహా మంచిదే. నేనూ మారమనే అంటాను. అయితే ఆ సలహా వెనక ఒక సిద్ధాంతం ఉంది, దానికొక మూలకథ ఉంది, ఆ కథకొక నాయకుడున్నాడు. మెచ్చుకునేవాళ్లు ఎట్లాగూ ఉన్నారు గనక, దాన్ని వాడలో నిలబడి చదివే పని మనం చేయాలి.

కథ ఇది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. అందులో కాగితం మాటిమాటికీ ఇరుక్కునేది. అంతకుముందున్న ప్రింటరుకైతే రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఒక చిన్న ఏర్పాటు చేశాడు, కాగితం ఇరుక్కోగానే అందరి తెరల మీదా కబురు కనబడేది. కొత్తదానికి అట్లా చేద్దామంటే దాని సోర్స్ కోడ్, అంటే మనిషి చదివి మార్చగలిగే ప్రోగ్రాము పాఠం, కంపెనీ ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒకాయన దగ్గర ఉందని వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టాను అన్నాడాయన. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ కెర్నల్ రాసి బయటపెట్టాడు. రెండూ కలిసి ఇవాళ మనం లినక్స్ అంటున్న వ్యవస్థ అయ్యాయి. నాలుగు స్వేచ్ఛలు దీని రాజ్యాంగం: ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఎట్లా నడుస్తుందో చదివి మార్చుకోవడం, పక్కవాడికి పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం.

కథలో నీతి గొప్పది, ఒప్పుకుందాం. కానీ ఆ గదిలో ఎవరున్నారో చూడండి. ప్రింటరు మీద కోపం తెచ్చుకున్న మనిషి ఆ గదికి హక్కుదారు. యంత్రం ఆయనకు అందుబాటులో ఉంది, జీతం వస్తోంది, రాత్రంతా కూర్చునే తీరిక ఉంది, కోడ్ చదివే విద్య ఉంది. లేనిది ఆ ఒక్క పాఠమే. అందుకే పాఠం దొరికితే స్వేచ్ఛ దొరికినట్టే అనుకున్నాడు. ఆయన వరకు అది నిజమే. మరి ఆ గదిలో కాగితాలు మోసేవాళ్లకీ, రాత్రి నేల తుడిచేవాళ్లకీ? కథలో వాళ్లు లేరు. లేరని ఆయన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. ఆ కథని సార్వత్రిక విముక్తి కథగా మనకు చెబుతున్న మన దేశపు మిత్రుల్ని అడుగుతున్నాను.

ఈ మిత్రులకు ఇంకో పోలిక ఇష్టం. కోడ్‌ని దాచడమంటే వేదాన్ని దాచడం లాంటిదట, కంపెనీలు నవీన బ్రాహ్మణులట. మన సభల్లో కూడా ఈ మాటకు చప్పట్లు పడ్డాయి. వేదం విన్న శూద్రుడి చెవిలో కరిగించిన సీసం పోయమన్న ధర్మసూత్రం పుట్టుకను చూసి శిక్షించింది. కంపెనీ లైసెన్సు పుట్టుకను అడగదు, డబ్బులడుగుతుంది. రెండూ దుర్మార్గాలే అయినా ఒక జాతివి కావు. అంటరానితనాన్ని ఎవరి బాధకైనా ఉపమానంగా వాడేసుకోవడం అగ్రవర్ణ మేధావులకు పాత అలవాటు.

పోలికే కావాలంటే నేనొకటి ఇస్తాను. 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె.బోలే తీర్మానం నెగ్గింది, ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు అంటరానివాళ్లకు తెరవాలని. 1924లో మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. తాళం లేదు, కాపలా లేదు, కాగితం మీద సంతకం ఉంది. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచివెళ్లి దోసిట్లో నీళ్లు తీసుకునేదాకా మనవాళ్లెవరూ అక్కడ గొంతు తడుపుకోలేకపోయారు. తాగినందుకు దెబ్బలు తిన్నారు. తర్వాత చెరువును పేడతో, ఆవు మూత్రంతో శుద్ధి చేసుకున్నారు వాళ్లు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు బోలే తీర్మానం లాంటిది. తీర్మానం లేకపోతే మహాడ్‌లో నిలబడి అడగడానికి చట్టబద్ధమైన ఆధారమే ఉండేది కాదు, కాబట్టి దాన్ని చులకన చేయను. కానీ తీర్మానం పాసైన రోజునే చెరువు మనదైపోయిందని చెబితే మాత్రం ఒప్పుకోను.

వాళ్లు చెప్పే మొదటి లాభం ధర. విండోస్‌కి డబ్బు కట్టాలి, లినక్స్‌కి అక్కర్లేదు అంటారు. మన దగ్గర విండోస్ ఎవరు కొన్నారండీ? కంప్యూటర్ అమర్చిన కుర్రాడే సీడీ పెట్టి ఎక్కించి ఇచ్చేవాడు. హాస్టల్లో ఒక పెన్ డ్రైవ్ పది గదులు తిరిగేది. 1976లోనే హాబీ ప్రోగ్రామర్లకు బహిరంగ లేఖ రాసి దొంగలన్న బిల్ గేట్స్, 1998లో అమెరికాలో విద్యార్థుల ముందు చైనా గురించి ఇంకో రకంగా మాట్లాడాడు: ఎట్లాగూ దొంగిలిస్తారు గనక మాదే దొంగిలించాలి, అలవాటు పడ్డాక ఎట్లా వసూలు చేయాలో చూసుకుంటాం అని ఆ మాటల సారం. ఆ ఏడాదే హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ మొదలైంది. అంటే మనల్ని విండోస్‌కి కట్టేసింది ధర కాదు, అలవాటు. డీటీపీ సెంటర్లో అదే, నెట్ సెంటర్లో అదే, ఉద్యోగ ప్రకటనలో అడిగే ఎంఎస్ ఆఫీస్ అదే. అలవాటు మార్చుకోవడానికి అయ్యే ఖర్చు రూపాయల్లో ఉండదు, రోజుల్లో ఉంటుంది. థీసిస్ గడువు నెత్తిమీదున్న పిల్లకి, ఆదివారం కూలికి పోయే పిల్లాడికి ఆ రోజులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఇక ప్రతిభ సంగతి. స్టీవెన్ లెవీ 1984లో వచ్చిన 'హ్యాకర్స్' పుస్తకంలో ఈ సమాజపు నీతిని సూత్రాలుగా రాశాడు. డిగ్రీ, వయసు, జాతి, హోదా చూడకుండా పని చూసి మనిషిని అంచనా వేయాలన్నది అందులో ఒకటి. వినడానికి ఎంత బాగుందో. కానీ ప్రతిభ అనే మాటని 1990లో మండల్ వ్యతిరేక ఉద్యమంలో విన్న తరం మనది, లేదా ఆ తరం పెంచిన పిల్లలం. ప్రతిభను చూసేముందు అది తయారైన ఇల్లు చూడాలని మనకు తెలుసు. వైఫై పనిచేయడం లేదు, ఏం చేయాలి అని కొత్తవాడు అడిగితే, ముందు మాన్యువల్ చదువుకో అని జవాబిచ్చే ఆచారం ఈ సమాజంలో బాగా పాతది. మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది. అడగడానికే జంకేవాణ్ణి రెండోసారి అడగనీయకుండా చేయడానికి ఆ ఒక్క జవాబు చాలు. 2020లో నల్లజాతి ప్రజల పోరాటం తర్వాత గిట్‌హబ్ కొత్త ప్రాజెక్టుల్లో 'మాస్టర్' అనే పేరు తీసి 'మెయిన్' అని పెట్టింది. మంచిదే. మాట మార్చడం తేలిక గనక ముందు అది జరిగింది.

ఇంత విమర్శించాక, చెరువులో నిజంగా దిగిన చోట్లున్నాయా అంటే ఉన్నాయి. జర్మనీలో మ్యూనిక్ నగరపాలిక పేరు ఎక్కువ వినబడుతుంది. 2003లో నిర్ణయించి, 2013 నాటికి దాదాపు 15,000 కంప్యూటర్లను లినక్స్‌కు మార్చి, 2017లో మళ్లీ విండోస్ వైపు తిరిగింది. 2020లో అధికారంలోకొచ్చిన కూటమి వీలైనచోట ఓపెన్ సోర్స్‌కే మొగ్గుతామన్నది. అది అధికారుల, కౌన్సిలర్ల కథ. మనకు పాఠం దగ్గర్లోనే కేరళలో ఉంది.

అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదలైంది. మొదట్లో పాఠాలు విండోస్ మీదే. ఒక కంపెనీ సరుకుని సర్కారు బడి సిలబస్ చేయడమేంటని ఉపాధ్యాయ సంఘాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అడ్డం తిరిగారు. కొన్నేళ్లలో బడులు గ్నూ లినక్స్‌కి మారాయి. మారమని పిల్లల్ని ఎవరూ బతిమాలలేదు. ముందు టీచర్లకు నేర్పారు, ఆ టీచర్లే మిగతా టీచర్లకు నేర్పారు. పాఠ్యపుస్తకం దాని మీదే రాశారు, పరీక్ష దాని మీదే పెట్టారు, బడికి కావాల్సిన ప్రోగ్రాములన్నీ ఒకేచోట కూర్చి సొంతంగా ఒక లినక్స్ తయారుచేసుకున్నారు. నేర్చుకునే భారాన్ని పిల్లల తీరిక మీద వేయకుండా ప్రభుత్వం జీతమిచ్చి మోసింది. అది జరిగాక రెండో స్వేచ్ఛ, మూడో స్వేచ్ఛ అన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

కానీ కేరళని తలకెత్తుకునే ముందు ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ పథకం 2017లో కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మారింది. కరోనా కాలంలో, 2020 జూన్ 1న, దాని విక్టర్స్ ఛానెల్లో ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాయి. ఆ రోజే మలప్పురం జిల్లాలో ఒక దళిత విద్యార్థిని ఆత్మహత్య చేసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది, బాగుచేయించే డబ్బుల్లేవు, పాఠాలకు దూరమైపోతానని కుమిలిపోయిందని రోజుకూలీ చేసుకునే తండ్రి చెప్పాడు. దేశంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి అంత పేరున్న సంస్థ ఇంకోటి ఉండదేమో. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగానే ఉంది.

ఇక మన తెలుగు సంగతికొస్తే, సాఫ్ట్‌వేర్ మిత్రులకు బొత్తిగా పట్టని తాళం ఒకటుంది. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన పత్రికలు, కరపత్రాలు, కవితా సంకలనాల్లో చాలావాటిని పేజ్‌మేకర్‌లో, అను లాంటి ఫాంట్లతో కంపోజ్ చేశారు. ఆ ఫాంట్లలో తెలుగక్షరం ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటుంది. ఆ ఫైలుని లినక్స్‌లో తెరిస్తే చుండూరు మీద రాసిన వ్యాసం పిచ్చి గుర్తుల వరసగా కనబడుతుంది. ఫాంటు లేని విండోస్‌లో తెరిచినా అంతే. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు గానీ, చిన్న పత్రికలు అక్కడికి చేరేసరికి ఏళ్లు పట్టింది. ఇవాళ దళిత పత్రికల మీద పరిశోధన చేసేవాళ్లం ఒక కంపెనీ ఫాంటు కోసం విండోస్‌ని వదల్లేకుండా ఉన్నాం. ఇది సిద్ధాంతం కాదు, నా టేబుల్ మీది పని. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములున్నాయి. మార్చాక ప్రతి పేజీ అచ్చుప్రతి పక్కన పెట్టుకుని వత్తులూ గుణింతాలూ సరిచూడాలి. ఆ పని లైసెన్సు చేయదు, మనిషి చేయాలి.

స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చిన తెలుగు ఫాంట్లున్నాయి. లోహిత్, పోతన, వేమన, తర్వాత సిలికానాంధ్ర విడుదల చేసిన వరస: పెద్దన, తిమ్మన, ధూర్జటి, శ్రీకృష్ణదేవరాయ, తెనాలి రామకృష్ణ. భువనవిజయం మొత్తం దిగినట్టుంది! ఆ సభలో జాషువాకు కుర్చీ ఎక్కడో వెతుక్కోవాలి. సరే, ఎవరి పేరున్నా వాడుకుంటాం, స్వేచ్ఛ అంటే అదే కదా.

హైదరాబాద్‌లో 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తయారుచేసింది. బెంగళూరులో గురప్పనపాళ్య బస్తీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేడ్కర్ పేరుతో కంప్యూటర్ కేంద్రం నడిపారు. సీడీ పంచి వెళ్లిపోకుండా బస్తీలోకి పోయి పిల్లల పక్కన కూర్చోవడమే దానిలో నాకు నచ్చింది. మనం అడగాల్సింది ఆ కూర్చునే మనిషినే. సంక్షేమ హాస్టల్లో పాత కంప్యూటర్లను పారేయకుండా లినక్స్ ఎక్కించమని అడుగుదాం, దాంతోపాటు వారానికి రెండు రోజులు వచ్చి నేర్పే మనిషికి జీతం కూడా అడుగుదాం. థీసిస్‌ని ఒక కంపెనీ ఫార్మాట్లోనే ఇవ్వాలని పట్టుబట్టే యూనివర్సిటీ ఆఫీసులు ఓపెన్ డాక్యుమెంట్ ఫైలుని కూడా తీసుకోవాలని విద్యార్థి సంఘాలు వినతిపత్రం ఇవ్వాలి. మీ వాడలో ఎవరి దగ్గరైనా అప్పటి పత్రికల డీటీపీ ఫైళ్లు సీడీల్లో, ఫ్లాపీల్లో ఉంటే, ఏ సిస్టమ్‌లో తెరుచుకుంటాయా అని ఆలోచిస్తూ కూర్చోకండి. ముందు కాపీ తీసి పెట్టండి, ఏ ఫాంటు వాడారో ఆ కంపోజ్ చేసినవాళ్లని అడిగి పక్కన రాసి పెట్టండి. ఆ ఆపరేటర్లలో చాలామంది ఇంకా మనమధ్యే ఉన్నారు.